అతికిన లైనింగు, ఆనిన లైనింగు

పాలకొల్లులో పాత మోటారు సైకిళ్ల యజమానులు, మెకానిక్కులు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకు, తోటి పనివాళ్లకు, పాత బళ్ల మీద మమకారంతో ఇంత ఎండలో ఇక్కడికి వచ్చిన యజమానులకు నమస్కారం. అరిగిపోయిన డ్రమ్ము బ్రేకు షూలకు కొత్త లైనింగు, అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు లోపల ఒరుసుకుని బండిని ఆపే పట్టీ, వేయడం గురించి నన్ను మాట్లాడమన్నారు. నలభై ఏళ్లుగా లేతు మిషను ముందు నిలబడుతున్నవాణ్ణి గనుక మైకు ముందు నిలబడటం నాకు కొత్త. మాట ఎక్కడైనా తడబడితే మన్నించండి, కొలత తడబడకుండా చూసుకుంటాను.

మొదట మన నేల సంగతి చెప్పుకోవాలి. బ్రేకుల గురించి రాసిన పుస్తకం ఏది తిరగేసినా మొదటి అధ్యాయం వేడి మీదే ఉంటుంది. కొండదారిలో మైళ్ల కొద్దీ బ్రేకు తొక్కుకుంటూ దిగితే డ్రమ్ము కాలి, లైనింగు పట్టు తప్పిపోతుందని అందులో రాసి ఉంటుంది. అది నిజమే గాని, ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా మనకు కొండ ఎక్కడుంది? మనకున్న దిగుళ్లు మూడే: ఏటిగట్టు దిగుడు, వంతెన దిగుడు, రేవు దిగుడు. మన దగ్గర షూలు కాలిపోయి చావవు. నీళ్లు, ఒండ్రు, ఉప్పుగాలి కలిసి వాటిని తింటాయి. వానాకాలంలో పొలం గట్టు మీద నడిచిన బండి డ్రమ్ము విప్పి చూడండి, అడుగున నల్లమట్టి మెత్తని ముద్దలా పేరుకుని ఉంటుంది. ఆ ముద్ద ఎండాక లైనింగుకూ డ్రమ్ముకూ మధ్య నూరుడుపొడిలా పనిచేసి రెండింటినీ అరగదీస్తుంది. భీమవరం, ఆకివీడు వైపు ఐసు పెట్టెల్లో రొయ్యలు వేసుకుని తిరిగే బళ్లకైతే ఆ నీరు వెనక హబ్బు (చక్రం నడిమి భాగం) మీదే కారుతుంది కాబట్టి, లైనింగు అరగకముందే దాని కింది లోహం పొడిపొడిగా రాలుతుంది. అందువల్ల లైనింగు మందం ఒక్కటే చూసి షూ బాగుందని తేల్చడం మన ప్రాంతంలో చెల్లదు.

బ్రేకు లైనింగు అనే వస్తువును వ్యాపారంగా మొదలుపెట్టినవాడు హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆంగ్లేయుడు. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లో గుర్రపుబళ్ల వాళ్లు చెక్క బ్రేకు దిమ్మలకు పాత బూట్ల తోలు తగిలించుకుని దిగుళ్లలో బళ్లను ఆపుకోవడం చూసి, అంతకంటే మంచి సరుకు తయారు చేయాలని ఆయన 1897లో పని మొదలుపెట్టాడు. తన ఇంటిపేరు అక్షరాలను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం చేర్చి, ఫెరోడో అని పేరు పెట్టుకున్నాడు. ఆయన మన కోనసీమలో పుట్టి ఉంటే ఆ ఆలోచన వచ్చి ఉండేది కాదేమో, ఏ పడవకో తెడ్డు కనిపెట్టేవాడు.

ఇక అసలు పని. డ్రమ్ము లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు ఉంటాయి. రెండింటి ఒక కొస పిన్ను మీద ఆని ఉంటుంది, రెండో కొసల మధ్య క్యామ్ ఉంటుంది. పెడలు తొక్కితే క్యామ్ తిరిగి షూలను విడదీసి డ్రమ్ముకు ఒత్తుతుంది, పెడలు వదిలితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది గమనించనిది ఏమిటంటే, ఈ రెండు షూలూ ఒకే రకంగా పనిచేయవు. చక్రం తిరిగే దిశలో చూస్తే క్యామ్ కొస ముందుండి పిన్ను కొస వెనకుండే షూను డ్రమ్ము తనతో పాటు లోపలికి లాక్కుంటుంది. మనం కొంచెం ఒత్తితే మిగతా ఒత్తిడి ఆ షూ తానే తెచ్చుకుంటుంది. రెండో షూను డ్రమ్ము బయటికి నెట్టేస్తూ ఉంటుంది కాబట్టి దాని పట్టు తక్కువ. పాత బుల్లెట్లలో కొన్నింటికి ముందు చక్రంలో రెండు షూలూ మొదటి రకంగా ఉండేట్టు రెండు క్యాములు పెట్టారు. ముందుకు వెళ్లేటప్పుడు దాని పట్టుకు తిరుగులేదు. కాని నరసాపురం రేవులో పంటు (బళ్లను ఏరు దాటించే పడవ) ఎక్కి, సఖినేటిపల్లి వైపు దిగి ఒడ్డు ఎక్కుతూ మధ్యలో ఆగవలసి వచ్చిందనుకోండి, బండి వెనక్కి జారేటప్పుడు ఆ రెండు షూలూ ఒక్కసారిగా బలహీనమైన రకంగా మారిపోతాయి. ముందు బ్రేకు ఎంత నొక్కినా బండి నిలవదు. లైనింగు బాగా వేయలేదని నన్ను తిట్టినవాళ్లలో ఇద్దరు ముగ్గురి ఫిర్యాదు తీరా చూస్తే ఇదే. అక్కడ వెనక బ్రేకు వాడాలి.

షూ అరిగిందని ఎలా తెలుసుకోవాలి? కొత్త లైనింగు సాధారణంగా 4, 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అతికించిన లైనింగైతే 2 మిల్లీమీటర్ల దగ్గర ఆపేయాలి, రివిట్లు కొట్టినదైతే రివిటు తలకు పైన ఒక మిల్లీమీటరు కూడా లేనప్పుడు ఇక వాడకూడదు. చాలా బళ్లకు బ్రేకు చెయ్యి, అంటే డ్రమ్ము బయట ఉండి క్యామ్‌ను తిప్పే లివరు, దగ్గర బాణం గుర్తు ఉంటుంది, పూర్తిగా తొక్కినప్పుడు ఆ బాణం షూలను మోసే ప్లేటు మీది గుర్తును చేరితే మార్చవలసిన రోజు వచ్చినట్టే. ఇక్కడ మన మెకానిక్కులు చేసే ఒక పాడు పని ఉంది, నేనూ చిన్నతనంలో చేశాను. పెడలు నుంచి వచ్చే రాడ్డు నట్టు ఆఖరి మర దాకా వచ్చేసినప్పుడు, బ్రేకు చెయ్యిని క్యామ్ పళ్ల మీద నుంచి పీకి, ఒక పన్ను వెనక్కి పెట్టి మళ్లీ బిగిస్తాం. బ్రేకు పడుతుంది, యజమాని సంతోషిస్తాడు. కాని లోపల క్యామ్ ఇంకా తిరిగి దాదాపు అడ్డంగా నిలబడే స్థితికి వస్తుంది. లైనింగు మరి కాస్త అరిగిన రోజున ఒక్క గట్టి తొక్కుకు క్యామ్ అటు దొర్లిపోతుంది, ఇక స్ప్రింగులు దాన్ని వెనక్కి తేలేవు, చక్రం బిగుసుకుపోతుంది. చెయ్యిని జరపవలసి వచ్చిందంటే అది షూలు విప్పమని చెప్పడమే.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. పాత బళ్ల లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తరువాత కూడా ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. డ్రమ్ము తెరవగానే నోటితో ఊదడం, గాలి కంప్రెసరు పెట్టి దుమ్ము లేపడం మనకు అలవాటుగా మారిపోయింది, దాన్ని మానుకోవాలి. నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. నా గురువుగారు అరవై దాటకుండానే ఆయాసంతో పోయారు. దానికి కారణం ఇదేనని నేను చెప్పలేను, కాని ఆయన రోజుకు ఎన్ని డ్రమ్ములు ఊదేవారో నా కళ్లతో చూశాను.

(ఇక్కడ సభలోంచి ఒకరు లేచి, “మాస్టారండీ, కొత్త షూలు బజార్లో దొరుకుతుంటే ఈ లైనింగు గొడవ ఎందుకండీ?” అని అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారండి. స్ప్లెండరు లాంటి బండైతే నా సమాధానం ఒక్క ముక్కే: కొత్త జత కొనేయండి. దానికి లైనింగు వేయించడంలో మీకూ లాభం లేదు, నాకూ లేదు. కాని మైసూరులో జావా, ఎజ్డీలు చేసిన ఐడియల్ జావా 1996లోనే మూతపడింది. రాజ్‌దూత్‌లు, పాత బుల్లెట్లు మీలో చాలామంది ఇళ్లలో ఉన్నాయి. వాటి పేరుతో బజార్లో దొరికే షూల పోత కొలతలు ఒక దానికీ మరొక దానికీ పొంతన ఉండదు. పిన్ను కొస వదులుగా ఉంటుంది, క్యామ్ ఆనే చోట వెడల్పు తేడాగా ఉంటుంది. బండితో పుట్టిన షూ బాగుంటే దాన్ని మించినది లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. డ్రమ్ము గీతలు పడి అరిగితే లేతులో లోపలి ముఖం తేరుతాం, అంటే పల్చగా కోసి సాపు చేస్తాం. అప్పుడు దాని వ్యాసం పెరుగుతుంది. 130 మిల్లీమీటర్ల డ్రమ్ము 131కి చేరితే దాని ఆయుష్షు తీరినట్టే. ఆ హద్దు చాలా హబ్బుల మీదే పోత పోసి ఉంటుంది. ఆ హద్దు లోపల కూడా, పెరిగిన వ్యాసానికి మామూలు షూ సరిపోదు, దాని వంపు చిన్నది. కొంచెం మందమైన లైనింగు వేసి, ఆ డ్రమ్ము వంపుకే తేరితే తప్ప అది పూర్తిగా ఆనదు. ఈ పని బజారు షూతో కుదరదండి.

పాత లైనింగును తీయడం మోటు పనిలా కనిపిస్తుంది గాని, షూ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. రివిట్లు కొట్టినదైతే వెనక నుంచి తల తొలిచి బయటికి కొట్టాలి, ఉలితో నరకకూడదు, రంధ్రం సాగిపోతుంది. అతికించినదైతే వేడి చేసి జిగురును మాడ్చి తీస్తారు. అల్యూమినియం షూను గ్యాసు మంట మీద పెట్టేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే ఇనుము ఎర్రబడి మనల్ని హెచ్చరిస్తుంది, అల్యూమినియం రంగు మారకుండానే ఒక్కసారిగా కుంగిపోతుంది. కుంగకపోయినా వంకర తిరుగుతుంది, బలం తగ్గుతుంది. ఓవెన్ ఉన్నచోటికి పంపండి, లేకపోతే ఓపికగా ఉలితో చెక్కి, ఆకురాయితో మిగిలిన జిగురు తీయండి. తరువాత షూను గాజుపలక మీద పక్కగా పడుకోబెట్టి చూడండి. ఒక మూల లేచి ఊగితే అది మెలి తిరిగిన షూ, దాని మీద ఎంత మంచి లైనింగు వేసినా దండగే.

అతికించడం గురించి నా తప్పే చెబుతాను. ఒకప్పుడు ఓవెన్ లేక, దుకాణంలో దొరికే చల్లజిగురుతో ఒక కొబ్బరికాయల వ్యాపారిగారి బుల్లెట్ వెనక షూలకు లైనింగు వేశాను. వానాకాలం సాయంత్రం షూలను శుభ్రంగా గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, చీకటి పడిందని బల్ల మీద ఉంచేసి, మర్నాడు పొద్దున్న జిగురు రాశాను. పదునెనిమిది నెలలు బండి నడిచింది. ఒకరోజు ఆయన రేవు దగ్గరికి వస్తుండగా లైనింగు ఊడి, డ్రమ్ములో అడ్డం పడి, వెనక చక్రం బిగుసుకుంది. మెల్లగా వస్తున్నందువల్ల మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. కుంటుతూ వచ్చి, తువ్వాల్లో మూటగట్టి తెచ్చిన లైనింగు ముక్కను నా బల్ల మీద పెట్టి, “చూడవయ్యా నీ పనితనం” అన్నారు. నేను ఆ ముక్కను తిప్పి చూశాను. జిగురంతా లైనింగు వెనక చెక్కుచెదరకుండా ఉంది, దాని మీద పల్చగా తెల్లటి పొడి అంటుకుని ఉంది. షూ మీద జిగురు చుక్క లేదు. అంటే జిగురు లైనింగును వదల్లేదు, అల్యూమినియమే జిగురు కింద తుప్పుపట్టి దాన్ని వదిలేసింది. నేను గీకిన లోహాన్ని రాత్రంతా మన తేమగాలికి ఆరబెట్టి, పొద్దున్న చేతులతో పట్టుకుని, దాని మీద జిగురు పూశాను. ఆ తెల్లపొడికి విత్తనం ఆ రాత్రే పడింది. ఆయన మోకాలికి మందు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, షూలు మాత్రం ఊరికే మళ్లీ వేయించుకున్నారు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది: లోహాన్ని గీకిన గంటలోపే జిగురు పడాలి, గీకిన ముఖాన్ని వేలు తాకకూడదు, జిగురు వేడికి గట్టిపడే రకమే కావాలి. అటువంటి జిగురు పూసి, ఆరనిచ్చి, లైనింగును షూ మీద ఉక్కు పట్టీతో బిగించి, 150 నుంచి 200 డిగ్రీల మధ్య, జిగురు డబ్బా మీద రాసిన వేడికి, రాసినంతసేపు ఓవెన్‌లో ఉంచాలి. పట్టీ బిగువు అన్నిచోట్లా సమానంగా ఉండాలి. నడుము దగ్గర బిగువుగా, కొసల దగ్గర వదులుగా ఉంటే కొసలు లేస్తాయి. ఆ సౌకర్యం లేని ఊళ్లలో, రివిట్ల రంధ్రాలున్న షూలకు రివిట్లే కొట్టమంటాను. రాగివో, ఇత్తడివో వాడాలి, ఇనుప రివిటు డ్రమ్మును గీరేస్తుంది. మధ్య రివిట్లతో మొదలుపెట్టి కొసలకు పోవాలి. కొసల నుంచి మొదలుపెడితే లైనింగు నడుము పైకి లేచి, షూకూ దానికీ మధ్య కాగితం దూరేంత సందు మిగులుతుంది. ఆ సందులోకి మన ఒండ్రునీరు చేరిందా, కింది లోహం ఉబ్బి లైనింగును లోపలి నుంచి పగలగొడుతుంది. 1986 ఆగస్టు వరద తరువాత నీట మునిగిన బళ్లు వరసగా వచ్చినప్పుడు, పైకి మందంగా కనిపించే లైనింగులు గోటితో లాగితే ఊడివచ్చిన సంగతి నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాటకు వస్తున్నాను. లైనింగు అతకడం ఒక పని, అది డ్రమ్ముకు ఆనడం మరొక పని. మొదటిదానికి డబ్బు తీసుకుని, రెండోది బండి నడుస్తుంటే దానంతట అదే వస్తుందని పంపేయడం మన దగ్గర ఆచారమైపోయింది. మీరే పరీక్షించి చూడండి. డ్రమ్ము లోపలి ముఖానికి సుద్దముక్క రుద్ది, షూలు బిగించి, చక్రం తిప్పుతూ ఒకసారి మెల్లగా బ్రేకు వేసి విప్పండి. కొత్తగా అతికించిన షూ మీద సుద్ద చాలాసార్లు రెండు కొసల్లోనో, ఒక అంచునో బొటనవేలంత మేర అంటుకుంటుంది. మిగతా అంతా నల్లగా ఉంటుంది. అంటే ఆ బండి ఆ బొటనవేలంత ముక్క మీదే ఆగుతోందన్నమాట. కొసలు మాత్రమే ఆనితే బ్రేకు పట్టేసినట్టు ఝటకా ఇస్తుంది, కీచు మోత వస్తుంది. ఆ మోతకు షాపుల్లో లైనింగు మీద రంపంతో అడ్డగీతలు గీసి పంపుతారు, అది జబ్బుకు మందు కాదు.

సరైన పద్ధతి, షూలను బ్రేకు ప్లేటు మీద వాటి స్థానంలోనే బిగించి, క్యామ్ కింద పల్చని రేకు పెట్టి కొద్దిగా విడదీసి, ఆ ప్లేటు మొత్తాన్ని యాక్సిల్‌కు సరిపోయే కడ్డీ మీద లేతులో ఎక్కించి, డ్రమ్ము వ్యాసానికి అర మిల్లీమీటరు తక్కువగా పల్చటి కోతలతో తేరడం. డ్రమ్ము కొలతను ముందు మూడు చోట్ల తీసుకోవాలి. మూడూ ఒకటి కాకపోతే డ్రమ్ము గుండ్రంగా లేదు, దాన్ని తేరనిదే షూల జోలికి పోకూడదు. ఇక్కడ కూడా దుమ్ము వస్తుంది, ముక్కుకు మాస్కు, కింద తడిగుడ్డ తప్పవు. లేతు అందుబాటులో లేకపోతే సుద్ద పెట్టడం, తెల్లబడిన చోట ఆకురాయితో తీయడం, మళ్లీ సుద్ద పెట్టడం. పది పన్నెండుసార్లకు నడుము భాగమంతా తెల్లబడుతుంది. నడుము ఆని, కొసలు వెంట్రుకవాసి తక్కువగా ఉండటమే మంచిది. చివరగా లైనింగు రెండు కొసల అంచులను ఏటవాలుగా చెక్కాలి. ఆ చెక్కుడు లేకపోతే తనను తాను లోపలికి లాక్కునే షూ కొస డ్రమ్మును కొరికినట్టు పట్టుకుంటుంది. తడిసిన ఏటిగట్టు మీద చక్రం ఒక్కసారి బిగిస్తే ఏమవుతుందో ఇక్కడున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

బిగించేటప్పుడు క్యామ్ గొంతుకూ, పిన్నుకూ వేలికొనకు అంటినంత గ్రీజు చాలు. ఎక్కువ పెడితే వేడికి కారి లైనింగు మీదికే వస్తుంది. నూనె తాగిన లైనింగును పెట్రోలులో కడిగితే పైకి బాగుపడినట్టుంటుంది, వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. దాన్ని పారేసి, ముందుగా ఆ నూనె ఏ సీలు నుంచి వస్తోందో వెతకాలి. యాక్సిల్ నట్టు చివరి బిగువు వేసే ముందు పెడలు గట్టిగా తొక్కి పట్టి, ఆ తొక్కు మీదే నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము మధ్యకు తామే సర్దుకుంటాయి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి, ఇంట్లో పిల్లలుంటే పిలవండి, వాళ్లకూ సరదా.

మొదటి నూటయాభై, రెండువందల కిలోమీటర్లు మెల్లగా ఆపుతూ నడపాలి. రావులపాలెం నుంచి సిద్ధాంతం దాకా రోడ్డు ఖాళీగా ఉన్న తెల్లవారుజామున ఒకసారి వెళ్లి వస్తే ఆ పని కొంత జరుగుతుంది. వంతెన దిగేటప్పుడు బ్రేకు లాగి పట్టుకోకుండా, వేసి వదులుతూ దిగండి. నీళ్లలో దిగిన తరువాత బ్రేకు పడకపోతే కంగారుపడవద్దు, పెడలు మీద తేలికగా కాలు ఆనించి కొంతదూరం నడిపితే తేమ ఆరుతుంది. అది ఉప్పునీరైతే మాత్రం ఆ వారంలోనే డ్రమ్ము విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. రెండువందలు నిండాక రాడ్డు నట్టు సరిచేసి, మరొకసారి డ్రమ్ము తెరవండి. అప్పుడు లైనింగు మీద మెరుపు ఎంత మేర ఉందో చూస్తే నేను చేసిన పని ఏపాటిదో మీకే తెలుస్తుంది.

ఇక్కడ బల్ల మీద ఒక బుల్లెట్ వెనక హబ్బు, రెండు జతల షూలు, సుద్దముక్క పెట్టాను. ఒక జత లేతులో తేరినది, మరొకటి అతికించి అలాగే వదిలేసినది. ఏది ఏదో నేను చెప్పను. నలుగురు నలుగురు చొప్పున వచ్చి సుద్ద రాసి, తిప్పి, విప్పి చూడండి.